గూట్లో గుసగుస మామయ్య

తాటిచెట్టంత మనిషిని తీసుకొచ్చి పావురాల గూడంత చోట కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుసగుస మామయ్య ఉద్యోగం అచ్చం అదే. నాటకాల హాల్లో స్టేజీ అంచున, సరిగ్గా మధ్యలో, ఒక కన్నం కోసి దాని మీద చెక్క మూత గొడుగులా వంచి పెట్టారు. జనానికి ఆ మూత వీపు మాత్రమే కనిపిస్తుంది. లోపల మామయ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, నాటకం ప్రతి ఒళ్ళో పెట్టుకుని, వేషగాళ్ళ కాళ్ళకేసి చూస్తూ కూర్చుంటాడు. ఎవరైనా మాట మర్చిపోతే కింద నుంచి గుసగుసగా అందిస్తాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో!

కుర్రతనంలో ఆయనకి హీరో కావాలని ఉండేది. మనిషి పొడుగు, ముక్కూ మొహమూ బాగానే ఉంటాయి. మొదటిసారి రాజు వేషం వేసి, కిరీటం పెట్టుకుని, కత్తి దూసి నోరు తెరిస్తే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరసలోంచి ఎవరో, "పాపం, రాజుగారికి జలుబు చేసింది, కషాయం ఇవ్వండర్రా!" అన్నారు. హాలంతా పడీ పడీ నవ్వింది. అప్పటిదాకా గూట్లో కూర్చునే ముసలాయన మాత్రం నవ్వలేదు. నాటకం అయ్యాక భుజం మీద చెయ్యేసి, "ఈ గొంతు పైన పనికిరాదురా నాయనా, కింద బంగారం" అన్నాడు. అలా కిందకి దిగినవాడు మళ్ళీ పైకి ఎక్కలేదు.

ఆ ముసలాయన నేర్పిన పద్ధతి ఒకటుంది. బయట ఎవరితోనైనా తగువు పడు, తిట్టుకో, మాటలు మానెయ్. గూట్లోకి దిగాక మాత్రం ఎవడు తడబడినా అందించు. మామయ్య దాన్ని ప్రాణంలా పట్టుకున్నాడు. నాటకాల కంపెనీలో హాస్యగాడితో ఆయనకి ఒకసారి కుర్చీ దగ్గర గొడవై, ఒక వర్షాకాలమంతా మాటల్లేవు. అయినా రోజూ సాయంత్రం అతను మర్చిపోయిన మాటలన్నీ ఆయనే అందించేవాడు. ఆ హాస్యగాడు మాట అందుకుని, జనానికి కనబడకుండా కిందికి నాలుక బయటపెట్టి వెక్కిరించి, అప్పుడు పలికేవాడు. "వెధవ, నా మాట తింటూ నన్నే వెక్కిరిస్తాడు" అని ఇంటికొచ్చి భార్యకి చెప్పి నవ్వేవాడు మామయ్య.

ఒక్కొక్కరిది ఒక్కొక్క గుంట. అంటే, మాట జారిపోయే చోటు. కంపెనీ యజమానికి వాక్యం మొత్తం అందించాలి. ఆయన చదువుకోడు, పైగా తనకి అన్నీ వచ్చనుకుంటాడు. హాస్యగాడికి మొదటి అక్షరం చాలు. యజమానిగారి వదినగారికైతే అసలు అక్కర్లేదు. ఆవిడ ఏదీ మర్చిపోదు. ఏదీ అనుభవించదు కూడా అని హాస్యగాడు చాటుగా అనేవాడు.

ఆ ఊళ్ళో రేవు వాళ్ళని ఒక జాతి ఉంది. ఎప్పుడో ఓడల్లో బరువులు మొయ్యడానికి వాళ్ళ తాతముత్తాతల్ని తెచ్చి, రేవు పక్క సందుల్లో ఉంచేశారు. నిగనిగలాడే నలుపు వాళ్ళది. తక్కిన ఊరు వాళ్ళకి ఇళ్ళు అద్దెకివ్వదు. ఏదైనా పోతే ముందు వాళ్ళ సంచులు వెతుకుతుంది. నాటకాల హాల్లో వాళ్ళు చిట్టచివర బల్లల మీద కూర్చోవాలి. బోర్డు మీద ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు.

కంపెనీకి పేరు తెచ్చిన నాటకం మరి వాళ్ళ గురించే! మిల్లు తగలబడుతుంది. ఓనరు కొడుకే అంటించడం ఊరంతా చూస్తుంది. నేరం మాత్రం కాపలావాడి మీద పడుతుంది, వాడు రేవువాడు కాబట్టి. వాడి పెళ్ళాం పదిమందిలోకి వచ్చి న్యాయం అడుగుతుంది. ఎవరూ నోరు విప్పరు. చివరికి ఒక గుమాస్తా లేచి, "నేను చెప్తాను" అంటాడు. ఆ గుమాస్తా వేషం యజమానిది. ఆ మాటకి జనం చప్పట్లతో హాలు పైకప్పు లేచిపోయేది. కాపలావాడి పెళ్ళాం వేషం వదినగారిది. మొహానికీ చేతులకీ నూనెలో కలిపిన మసి పూసుకుని వచ్చేది. చెమట పడితే చెవి పక్కన తెల్లచార కనిపించేది.

ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఒక ఏడాది పేపర్లో ఎవరో రాశారు, ఈ ఊళ్ళో రేవు ఆడవాళ్ళే లేనట్టు మసి డబ్బా ఎందుకండీ అని. నలుగురూ అదే అనడం మొదలుపెట్టారు. న్యాయం కోసం లేచి నిలబడే వేషం వేసే యజమానికి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే హాస్యగాడు ఆస్పత్రిలో పడ్డాడు. అక్కడ ఒక రేవు నర్సు, మందు తాగనని మొండికేస్తే అతని గొంతునే అనుకరించి అతన్నే నవ్వించిందట. "ఆ పిల్లని పిలవండి" అన్నాడు వచ్చి.

నర్సమ్మ అలా వచ్చింది. పగలు ఆస్పత్రి, సాయంత్రం నాటకం. తెల్ల చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, వట్టి కాళ్ళతో స్టేజీ ఎక్కేది. మామయ్యకి ముందు ఆ కాళ్ళే పరిచయం. మడమలు పగిలి, వేళ్ళు కొంచెం వంకర. రోజంతా నిలబడే మనిషి కాళ్ళు. బ్రహ్మాండమైన నటి అని చెప్పలేం. కొన్నిచోట్ల గొంతు పీలగా పోయేది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కానీ ఆ న్యాయం అడిగే ఘట్టంలో హాల్లో ఎవరూ దగ్గేవారు కాదు.

"మీరంతా మిల్లు దగ్గరే ఉన్నారు. ఎవరు అంటించారో మీ కళ్ళతో చూశారు. నా మొగుడు బకెట్టు పట్టుకుని పరిగెత్తడమూ చూశారు." ఇక్కడ ఆగి, స్టేజీ మీద ఊరి జనం మొహాలు ఒక్కొక్కటీ చూడాలి. తర్వాత, "ఒక్కరు చెప్పండి. ఒక్కరంటే ఒక్కరు" అనాలి. సరిగ్గా అక్కడే ఆమె గుంట. ప్రతిసారీ ఆ మొహాలు చూశాక మాట ఎగిరిపోయేది.

"ఎందుకమ్మా, నాలుగు మాటలేగా?" అని అడిగాడు మామయ్య.

"ఆ మొహాలు చూస్తుంటే నిజంగానే ఎవరూ చెప్పరనిపిస్తుంది మామయ్యా. చెప్పరని తెలిసి అడగడం దేనికిలే అనిపిస్తుంది. అంతే, మాట పోతుంది."

"అయ్యో, చెప్తాడుగా గుమాస్తా! రోజూ చెప్తాడు!"

"అది నాటకంలో కదా!" అని పకపకా నవ్వింది.

మామయ్య మొదట మాట మొత్తం అందించాడు. ఆమె ఉలిక్కిపడి చిలకలా పలికింది. మొదటి అక్షరం అందిస్తే అదీ కుదరలేదు. ఒకరోజు ఆయన అందించబోతూ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ చప్పుడుకే ఆమెకి మాట వచ్చేసింది. "అది చాలు మామయ్యా. మాట వద్దు. నా పక్కన ఒక మనిషి ఉన్నాడని తెలిస్తే చాలు" అంది. అప్పట్నుంచీ అదే ఏర్పాటు. ఆమె అందరి మొహాలూ చూసి గూటివైపు తిరుగుతుంది. ఆయన ఊపిరి తీస్తాడు. ఆమె అడుగుతుంది.

నర్సమ్మ ఇంటి మనిషి అయిపోయింది. మామయ్య, అత్తయ్య హాలు వెనక రెండు గదుల్లో ఉండేవారు. పిల్లల్లేరు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. నర్సమ్మ మందు తెచ్చి, తనే రాసి, "అత్తయ్యా, మెట్లెక్కడం తగ్గించమంటే వినవు, చెప్పేది గోడకా?" అని కేకలేసేది. "నా అత్తగారే నన్ను ఇన్ని మాటలనలేదు తల్లీ!" అనేది అత్తయ్య, మురిసిపోతూ.

నాటకం ఎంత బాగా ఆడుతుంటే ఒక చిక్కు అంత బాగా పెరిగింది. రేవు వాళ్ళు కట్టకట్టుకుని రాసాగారు. చివరి బల్లలు చాలక ముందు వరసలకి టిక్కెట్లు కొన్నారు. కొన్నవాళ్ళని లేవమనడం ఎలా? హాలు ప్రెసిడెంటుగారికి అది కంటగింపైంది. రేవు గోదాములు కూడా ఆయనవే. తన కూలీ తన పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఆయనకి నాటకం రుచించలేదు.

ఒక మధ్యాహ్నం యజమాని మామయ్య ఇంటికొచ్చాడు. అన్నేళ్ళలో గుమ్మం తొక్కని మనిషి! స్టూలు మీద కూర్చుని, అత్తయ్య ఇచ్చిన టీ తాగి, మోకాళ్ళ గురించి కుశలమడిగాడు. ఆవిడ లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించాడు.

"ప్రెసిడెంటుగారు వేషం మార్చమంటున్నారయ్యా. లేకపోతే హాలు ఇవ్వరట."

"మార్చేస్తారా?" అన్నాడు మామయ్య.

"ఎలా మారుస్తాను? నల్లగా ఉందని తీసేశాడంటారు. నా వేషమేమిటి, నేను చేసే పనేమిటి అని ఊరు ఉమ్మేయదూ? తనంతట తను తప్పుకుంటే ఎవరికీ బాధ ఉండదు." కప్పు కింద పెట్టాడు. "వార్షికోత్సవం ఆటకి ప్రెసిడెంటుగారు వస్తున్నారు. ఆ పిల్ల ఒకచోట తడుముకుంటుంది కదా?"

మామయ్య తలెత్తి చూశాడు. "అయితే?"

"అయితే ఏముంది? నిన్నేమైనా చెయ్యమన్నానా? ఏమీ చెయ్యొద్దంటున్నా. ఊరికే ఉండు."

"బాబూ, గూట్లో కూర్చుని..."

"హాలు పోతే ఎన్ని కుటుంబాలు వీధిన పడతాయో ఆలోచించు. ఈ రెండు గదులూ హాలువే కదూ?" అని పైకప్పు వంక చూశాడు, పెచ్చులూడాయేమో చూస్తున్నట్టు. "సున్నం వేయించాలి" అని లేచి వెళ్ళిపోయాడు.

అత్తయ్య అంతా విన్నది. చీపురు పట్టుకుని వచ్చి, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ అంది, "ఈ మోకాళ్ళతో ఇంకో ఇల్లు వెతుక్కుంటూ ఎన్ని మెట్లు ఎక్కి దిగను?" చీపురు మూలన పెట్టి, "ఆ మోకాళ్ళకి మందు రాసింది ఆ పిల్లేగా" అంది. రెండు మాటలూ ఆయన ముందు పడేసి లోపలికి పోయింది. ఏరుకోమన్నట్టు.

మామయ్య యజమాని దగ్గరికి వెళ్ళి, "నావల్ల కాదు" అందామని రోజూ అనుకునేవాడు. గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళు నమిలి, "సున్నం ఎప్పుడేయిస్తారు?" అని అడిగి వచ్చేవాడు. నర్సమ్మతో చెప్దామనుకుంటే, ఆమె కొత్త చీర కొనుక్కుని, "వార్షికోత్సవానికి మా అమ్మ వస్తోంది మామయ్యా! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముందు వరసలో కూర్చుంటుందట. నాకంటే తనకే వణుకు" అని గలగలా మాట్లాడేది. ఆయన తల ఊపేవాడు.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. ప్రెసిడెంటుగారు మొదటి వరస మధ్యలో, మెళ్ళో దండతో. నర్సమ్మ తల్లి ఒక చివరన, ఒళ్ళో చేతులు కట్టుకుని. ఘట్టం వచ్చింది. నర్సమ్మ వట్టి కాళ్ళు గూటి ముందుకి వచ్చాయి. మిల్లు అంది, మంట అంది, బకెట్టు అంది. ఆగింది. మొహాలన్నీ చూసింది. గూటివైపు తిరిగింది.

స్టేజీ దీపాలు ఆమె కళ్ళలో కొడతాయి కాబట్టి గూడు ఆమెకి నల్లని కన్నంలా కనిపిస్తుంది తప్ప లోపలి మనిషి కనబడడు. కనిపించి ఉంటే, నోటికీ ముక్కుకీ అరచెయ్యి అడ్డం పెట్టుకుని బిగుసుకుపోయిన మామయ్యని చూసేది. అలవాటైన ఊపిరి తనంతట తనే వచ్చేస్తుందేమోనని ఆయన భయం.

ఆమె ఎదురుచూసింది. వంకర వేళ్ళు చెక్కని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. హాల్లో ఎవరో దగ్గారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఊరి పెద్ద వేషంలో ఉన్న హాస్యగాడు పాపం సాయం చేద్దామనే, "ఏవమ్మా, ఏదో అడుగుదామని వచ్చినట్టున్నావు?" అన్నాడు. అది కాస్తా జోకైంది. హాలు గొల్లుమంది. ఆమె కళ్ళనీళ్ళు చెక్క మీద పడడం మామయ్య చూశాడు.

అప్పుడు యజమాని, గుమాస్తా కోటు సర్దుకుని, ఆమె అడగకుండానే లేచి నిలబడ్డాడు. "నేను చెప్తాను!" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. ప్రెసిడెంటుగారు కూడా కొట్టారు.

నాటకం అయ్యాక నర్సమ్మ తిన్నగా గూటి దగ్గరికే వచ్చింది. మామయ్య ఇంకా పైకి రాలేదు. ఆమె చెక్క మీద కూర్చుని కిందికి వంగింది.

"మామయ్యా, నన్ను క్షమించండి. మీరు ఊపిరి తీసే ఉంటారు. నాకే వినబడలేదు. రోజంతా ఆస్పత్రి మిషన్ల మోతలో ఉండి చెవులు మొద్దుబారినట్టున్నాయి. మీ పరువూ తీశాను."

చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఆయనకి దొరకదు. ఒక్క మాట చాలు. "పోనీలేమ్మా, ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు మామయ్య.

తెల్లారి ఆమె తనే వెళ్ళి వేషం మానేస్తానని యజమానికి చెప్పింది. ఆయన ఎంతో బాధపడి, ఉండమని ఒకసారి అని, ఒప్పుకున్నాడు. మసి డబ్బా బయటికొచ్చింది. వదినగారు ఒక్క అక్షరం తప్పకుండా పలికింది. రేవు వాళ్ళు మళ్ళీ చివరి బల్లలకి వెళ్ళి, నెమ్మదిగా రావడమే మానేశారు. మామయ్య గదులకి సున్నం మాత్రం వేయించారు. ఆ తెలుపు చూసినప్పుడల్లా అత్తయ్యకి చిరాకు. "కళ్ళు పొడుస్తోంది" అనేది.

సున్నం వాసనకో మరి దేనికో మామయ్యకి దగ్గు పట్టుకుంది. వదలలేదు. ఒకరోజు అత్తయ్య, "ఆస్పత్రికి వెళ్ళు. దగ్గు చూపించుకో" అంది. ఆ తర్వాత మెల్లిగా, "దగ్గు ఒక్కటే కాదు" అంది.

దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ నడిచాడు. అందరి మాటలూ కంఠతా వచ్చినవాడికి సొంత మాట ఒక్కటీ కుదరలేదు. అమ్మా నన్ను... కాదు. ఆ రోజు జరిగిందేమిటంటే... ఛ, అదీ కాదు. పొడుగాటి వరసలో నిలబడ్డాడు. డాక్టరుగారి కంటే ముందు గుండె, ఊపిరితిత్తులు చూసే బల్ల దగ్గర కూర్చుని ఉంది నర్సమ్మ.

"మామయ్యా!" మొహం విప్పారింది. "ఇలా చిక్కిపోయారేమిటి? అత్తయ్య అన్నం పెట్టడం లేదా? కూర్చోండి, కూర్చోండి. చొక్కా పైకెత్తండి." రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకుని, చల్లటి బిళ్ళ వీపుకి ఆనించింది. "ఊపిరి గట్టిగా తీయండి."

మామయ్య తీశాడు. గుండెల నిండా, గూట్లో తీసినట్టే.

వీపు మీద బిళ్ళ ఆగిపోయింది. వెనక నుంచి సన్నగా, తనకి తెలియకుండానే, "ఒక్కరు చెప్పండి" అంది ఆమె.  చెవుల్లోంచి గొట్టాలు తీసేసి ముందుకి వచ్చింది.

"ఇంకోసారి తీయండి."

తీశాడు. చుట్టూ పిల్లల ఏడుపులు, ట్రాలీల చప్పుడు. వాటన్నిటి మధ్యలో కూడా అది చక్కగా వినబడింది. ఆమెకి వినబడిందని ఆయనకి తెలిసింది.

"చెవులు పరీక్ష చేయించుకున్నాను మామయ్యా. బాగున్నాయన్నారు. నేనే నమ్మలేదు." గొంతు పీలగా పోయింది. "ఆ రోజు తీశారా?"

"తియ్యలేదమ్మా."

"మర్చిపోయారా? కునుకు పట్టిందా? ఉక్కగా ఉంటుంది కదా అందులో..." అంటూ ఆయన మొహంలోకి చూసింది. ఔననమని బతిమాలుతున్నట్టు చూసింది. జీవితమంతా అందరికీ మాటలందించిన మనిషికి ఆమె మాట అందిస్తోంది.

మామయ్య అది అందుకోలేదు. "లేదు. తెలిసే తియ్యలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఊరికే ఉండమన్నారు, ఉన్నాను."

"ఎవరన్నారు?" అని ఆమె అడగలేదు. ఆయన చొక్కా కిందికి లాగి సరిచేసింది. చీటీ తీసుకుని కలం పట్టుకుంది.

"దగ్గు ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?"

చెప్పాడు.

"కఫం పడుతోందా అండీ?"

చెప్పాడు.

"సరేనండీ. ఆ గదిలో డాక్టరుగారు చూస్తారు." తల పక్కకి తిప్పి, "తర్వాత ఎవరు?" అంది.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే మోకాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మందు సీసా అందుకుని, పక్కన పెట్టి, మొహం చూసింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమంది? తిట్టిందా?"

"లేదు."

"మరి?"

మామయ్య చెప్పులు విప్పి, వాటిని గోడవారగా, జాగ్రత్తగా, ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు.

"నన్ను అండీ అంది" అన్నాడు.